కుటుంబరావు ఏ ఊరివాడు?

ఆ సోమవారం పొద్దున కుటుంబరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. జగ్గయ్యపేట వెళ్ళాలి. క్షవరం చేయించుకోవాలి. పోస్టాఫీసులో తన పేర ఉత్తరమేమైనా వచ్చిందేమో కనుక్కోవాలి. హోటల్లో ఒక కాఫీ తాగి ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. ఇరవై నాలుగేళ్ళు నిండి పదకొండు నెలలు గడిచినా ఉద్యోగం లేనివాడికి, ఇంతకంటే పెద్ద పథకం వేసుకునే అధికారం ఏ ఇంట్లోనూ ఉండదు.

“వెళితే వెళ్ళుగానీ, వచ్చేటప్పుడు బజారున పడి రాకు,” అన్నాడు తండ్రి చెన్నకేశవరావు, కళ్ళంలో మిరపకాయలు తిరగబోస్తూ. “చేలకడ్డంపడి రా. రేపటిదాకా రాకపోయినా మంచిదే. ఇవాళో రేపో నైజాం గిర్దావరొస్తాడు. నువ్వు ఊళ్ళో కనపడ్డావంటే కొంప మునుగుద్ది.”

కుటుంబరావు చొక్కా తొడుక్కున్నాడు.

గిర్దావరంటే నైజాం వైపు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఆయన సంగతి కొంచెం చెప్పాలి. కుటుంబరావు ఎస్సెల్సీ ప్యాసై అయిదేళ్ళయింది. పాతికేళ్ళు దాటితే సర్కారు కొలువుకు పనికిరాడు. ఆ పాతికా వచ్చే నెలలో నిండుతుంది. కిందటి దసరాకు బందరు కలెక్టరాఫీసుకు ఒక దరఖాస్తు పెట్టాడు, తాలూకా కచేరీలో గుమాస్తా పనికి. దానికి జవాబు లేదు. ఇంట్లోవాళ్ళు దాన్ని ఎప్పుడో మరిచిపోయారు. కుటుంబరావు మాత్రం మరిచిపోలేదు. వారానికోసారి జగ్గయ్యపేటలో క్షవరమన్నది ఆ ఉత్తరం కోసమే.

అలా ఉండగా మాఘమాసంలో మేనమామ వెంకటరత్నం వచ్చాడు. ఆయనది అయిదారు మైళ్ళ అవతల, సరిహద్దు దాటాక వచ్చే గట్టుపల్లి. నైజాం మీద పోలీసు చర్య జరిగి ఆర్నెల్లయింది. రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి.

“బావా, పోరణ్ణి ఇంట్ల కూసోబెట్టి ఏం జేస్తవ్?” అన్నాడాయన. “మా దిక్కు కచేరీలల్ల కుర్చీలన్నీ ఖాళీగున్నయ్. అయితే ముల్కీ సర్టిఫికెట్టు కావాలె. అంటే పదిహేనేండ్ల సంది అక్కడ్నే ఉన్నోడై ఉండాలె.”

“మావాడు మీ ఊళ్ళో ఏడాదికి పదిహేను రోజులుంటే గొప్ప. అదీ మామిడిపళ్ళున్నన్నాళ్ళే,” అన్నాడు చెన్నకేశవరావు.

“ఏం పరేషాన్ గాకు. పట్వారీ రాస్తడు. గిర్దావరు తనిఖీకొచ్చి మా ఊళ్ళ అడుగుతడు, మీ ఊళ్ళ గూడ అడుగుతడు. మా ఊరోళ్ళకు నేను చెప్పుకుంట. మీ ఊరోళ్ళు జెర గట్టిగ చెప్పాలె, అంతే.”

గట్టిగా చెప్పే విషయంలో చిల్లకల్లుకు మైలు దూరాన ఉన్న కొండ్రవారిపాలేనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. పంట పోయిన ఏడు శిస్తు తగ్గించమని అర్జీ పెడితే విచారణకు అధికారి వస్తాడు. అప్పుడు ఒకడు బస్తా పండిందని, ఇంకొకడు అర బస్తా పండిందని అంటే ఊరు మొత్తం నష్టపోతుంది. అందుకని తాతల నాటి నుంచి అక్కడొక కట్టుబాటు ఉంది. అధికారి వస్తున్నాడంటే ముందే “ఏం చెప్పాలి?” అని ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు. “ఎందుకు చెప్పాలి?” అని ఎవరూ అడగరు. అరవై గడపలూ ఒకటే మాట మీద నిలబడతాయి. ఆకాశం విరిగి మీద పడినా ఆ మాట మారదు.

చెన్నకేశవరావు అరవై గడపలూ తిరిగి చెప్పి వచ్చాడు: “మా కుటుంబరావు గురించి ఎవరొచ్చి అడిగినా, వాడు చిన్నప్పుడే మేనమామ ఊరెళ్ళిపోయాడని, వాడి మొహం చూసి పదిహేనేళ్ళయిందని చెప్పండి.” ఊరు తలూపింది.

కుటుంబరావుకు ఇదేమీ నచ్చలేదు. అక్కడి కచేరీల్లో రాతంతా ఉర్దూ. అందులో అతనికి మొదటి అక్షరం అలీఫ్ కూడా రాదు. కానీ అయిదేళ్ళుగా ఇంట్లో తిని కూర్చున్నవాడి నచ్చడం నచ్చకపోవడం ఎవరికి కావాలి?

జగ్గయ్యపేటలో క్షవరం బాగానే జరిగింది. “మీసం కూడా తీసెయ్యనా బాబూ? పట్నం ఉద్యోగస్తులెవరూ ఉంచట్లేదు,” అన్నాడు మంగలి. ఉద్యోగస్తులనే మాటకు మెత్తబడి కుటుంబరావు సరేనన్నాడు. నున్నటి మూతి తడుముకుంటూ పోస్టాఫీసుకు వెళితే, అక్కడ గురువారం నుంచి తనకోసం ఎదురుచూస్తున్న పొడుగాటి కవరొకటి చేతికొచ్చింది.

బందరు నుంచి. నందిగామ తాలూకా కచేరీలో గుమాస్తా ఉద్యోగం. పద్దెనిమిదో తారీకు శుక్రవారం లోపల చేరాలి. కుటుంబరావు కళ్ళు చెమర్చాయి. అవి తుడుచుకుని రెండో పేరా చదివాడు. అభ్యర్థి ఈ జిల్లాలో స్థిరనివాసి అయి ఉండవలెను. ఆ విషయం రూఢి చేసుకొనుటకు నందిగామ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పద్నాలుగో తారీకు సోమవారం గ్రామమునకు వచ్చి విచారించును. 

పోస్టాఫీసు గోడ మీద క్యాలెండరు ఉంది. ఆవేళ సోమవారం. పద్నాలుగు.

కాఫీ సంగతి మరిచి పరుగెత్తాడు. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ అందరికంటే ముందు దిగి అతనే తోశాడు. చిల్లకల్లులో దిగి, తండ్రి చేలకడ్డంపడి రమ్మన్న మాట పక్కనపెట్టి, నడిబజారున దౌడు తీశాడు. 

చావడి దగ్గర ఊరంతా ఉంది. మధ్యలో కుర్చీలో సన్నటి కళ్ళజోడు మనిషి. పక్కన గోడకు సైకిలు. గుంటూరు వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఎవరూ ఎరగరు, వచ్చింది గిర్దావరేననుకున్నారు. అడిగిన ప్రశ్నా, వచ్చిన జవాబూ, మధ్యలో వచ్చిన దగ్గూ వదలకుండా రాసుకునే రకం. 

“ఆ బిడ్డ మొహం చూసి పదిహేనేళ్ళయింది బాబూ!” పక్కింటి రాఘవమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. “ఇంతవాణ్ణి ఎత్తుకెళ్ళాడు మేనమామ. ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడ్డా ఆనవాలు పట్టలేను.”

ఆవిడకు సరిగ్గా ఎదురుగా కుటుంబరావు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. పొద్దున ఆవిడ చేత్తో పోసిన మజ్జిగ తాగే బస్సెక్కాడతను. 

“అయ్యా,” అన్నాడు, “నేనేనండీ కుటుంబరావుని.”

అరవై గడపలూ అతన్ని జాలిగా చూశాయి. ఇంత కష్టపడి నిలబెడుతుంటే వచ్చి పడగొడతావేమిరా అన్న చూపు అది. 

అందరికంటే ముందు తేరుకున్నవాడు చెన్నకేశవరావు. “ఎవరు బాబూ మీరు? ఏ ఊరు?” అన్నాడు, ఎంతో మర్యాదగా.

“నాన్నా!”

“అయ్యో, ఎండదెబ్బ తగిలినట్టుందండీ పాపం. ఏమేవ్, ఎవరో బాటసారి. కాసిని మంచినీళ్ళియ్యి.”

తల్లి సత్యనారాయణమ్మ చెంబు తెచ్చింది. “తాగు బాబూ. ఏ తల్లి కన్నబిడ్డవో,” అని పైకి అని, చెంబు అందిస్తూ అతని చెయ్యి గట్టిగా గిల్లింది. “చెట్టంత ఎదిగావు, చెప్పినమాట వినవేం?” అంది లోగొంతుతో.

ఇన్‌స్పెక్టరు కలం ఆగలేదు. “నువ్వు కుటుంబరావువి అనడానికి దాఖలా ఏంటి?”

కుటుంబరావు జేబులోంచి ఆర్డరు తీసి ఇచ్చాడు. అంతకంటే గట్టి దాఖలా ఉండదని అతని నమ్మకం. ఇన్‌స్పెక్టరు అది అటూ ఇటూ తిప్పి చూశాడు. 

“ఇది కుటుంబరావు పేర వచ్చిన ఆర్డరు. ఆ కుటుంబరావు పదిహేనేళ్ళుగా నైజాంలో ఉన్నాడని కన్నతండ్రే చెప్పాడు. మునసబుగారు సంతకం పెట్టారు. మరి ఇది నీ జేబులోకి ఎట్లా వచ్చింది? పోస్టాఫీసులో కొట్టేశావా?”

కుటుంబరావు పక్కకు ఒరిగి తండ్రి చెవిలో చెప్పాడు. “నాన్నా, ఈయన గిర్దావరు కాదు. నందిగామ ఇనస్పెట్రు. మనకు ఉద్యోగమొచ్చింది. నందిగామలో! ఇక్కడివాణ్ణి కాదని తేలిందంటే పోయింది.”

చెన్నకేశవరావు ముఖం మిరపకళ్ళం రంగు నుంచి పత్తి రంగుకు మారింది. “అయ్యా! వీడు మావాడేనండీ!” అన్నాడు.

“ఇందాక కాదన్నారే?”

“ఇందాక గుర్తుపట్టలేదండీ.”

“కన్నకొడుకునా?”

“పొద్దున మీసముందండీ.”

“పొద్దునా?” ఇన్‌స్పెక్టరు కాగితాలు వెనక్కి తిప్పాడు. “మొహం చూసి పదిహేనేళ్ళయిందని ఇక్కడ మీరు వేలిముద్ర వేశారు.”

ఇక్కడే కొండ్రవారిపాలెం కట్టుబాటు పూర్తి బలంతో రంగంలోకి దిగింది. మాట మారిందని ఊరికి ఎవరూ చెప్పలేదు. అధికారి బెదిరింపుకు చెన్నకేశవరావు బెదిరిపోతున్నాడనీ, ఇలాంటప్పుడే ఊరు అండగా నిలబడాలనీ అందరికీ అనిపించింది. 

“ఆయన మాట పట్టించుకోకండి బాబూ,” అంది రాఘవమ్మ ముందుకు వచ్చి. “కొడుకు మీద బెంగతో బుర్ర చెడింది. దారినపోయే ప్రతివాణ్ణీ కొడుకనుకుంటాడు.”

“పోయిన వారం మా ఎద్దులవాణ్ణి పట్టుకుని నాయనా అని ఏడ్చాడండీ,” అని ఇంకొకాయన అందించాడు. 

“ఛీ, నోర్ముయ్యండి! వీడు మావాడే!” అని చెన్నకేశవరావు అరిచినకొద్దీ జనం, “చూశారా పాపం,” అని తలలాడించారు. మునసబు వెంకటకృష్ణారావుకు కుటుంబరావు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆయన నేల చూపులు చూస్తూ, “ఒకసారి సంతకం పెట్టాక నేను మాట మార్చే మనిషిని కాదు సార్,” అన్నాడు. 

ఇన్‌స్పెక్టరు ఆర్డరు మడిచి తన సంచీలో పెట్టుకున్నాడు. “సరిహద్దు ఊరు. అసలే రోజులు బాగాలేవు. ఎవడో పేరు మార్చుకుని తిరుగుతున్నాడు. మునసబుగారూ, ఇతను మీ పూచీ. బుధవారం నందిగామలో తాసీల్దారుగారి ముందు హాజరుపరచండి. కుటుంబరావు స్థిరనివాసి కాడని నా రిపోర్టు.” సైకిలెక్కి వెళ్ళిపోయాడు. 

అప్పుడుగానీ చెన్నకేశవరావు ఊరికి అసలు సంగతి చెప్పలేకపోయాడు. 

“మరి ముందే చెప్పొద్దూ?” అంది రాఘవమ్మ. “చెప్పాల్సిన మాట మారినప్పుడు ఊరికి చెప్పాలా వద్దా? ఇప్పుడు మమ్మల్నంటే ఏం లాభం? మేం చెప్పమన్నది చెప్పాం.”

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చెన్నకేశవరావు కళ్ళం గట్టున కూలబడి, మనిషిని గట్టుపల్లికి పంపాడు. “మా బామ్మర్ది నందిగామ వచ్చి, మావాడు వాళ్ళ ఊళ్ళో ఎప్పుడూ లేడని నిజం చెబితే గట్టెక్కుతాం,” అన్నాడు. వెళ్ళిన మనిషి తొందరలో అంత పొడుగు మాట గుర్తుపెట్టుకోలేదు. “కుటుంబరావు సంగతి అధికారి అడుగుతున్నాడంట. బుధవారం నందిగామ రమ్మన్నారు,” అని మాత్రం చెప్పి వచ్చాడు. 

కుటుంబరావు ఆ రెండు రోజులూ చావడిలోనే ఉన్నాడు, తన ఊళ్ళో తాను దొంగపేరు మనిషిగా. తలారి కాపలా. తల్లి పూటపూటకూ అన్నం తెచ్చి, పెడుతూ ఏడుస్తూ, ఏడుస్తూ తిడుతూ వెళ్ళేది. గోంగూర ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అతనికి ఒకటే లెక్క: శుక్రవారానికి ఇంకా ఎన్నాళ్ళు, పాతికేళ్ళకు ఇంకా ఎన్నాళ్ళు. ఇది జారిపోతే జన్మలో మరొకటి లేదు. 

బుధవారం పొద్దున బయలుదేరుతుంటే చూశాడు. పన్నెండు బండ్లు పూన్చి ఉన్నాయి. పసిపిల్లలూ, లేవలేనివాళ్ళూ తప్ప ఊరంతా ఎక్కింది. “ఊరికే పోనిస్తామా? మావాడివేనని అందరం గట్టిగా చెబుతాం,” అన్నాడు మునసబు. కుటుంబరావు పన్నెండు బండ్లూ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. ఈ గట్టిగా చెప్పడం వల్లే ఇక్కడిదాకా వచ్చింది. 

నందిగామ తాసీల్దారు తల నెరిసిన మనిషి. పింఛనుకు దగ్గరపడ్డవాడు. ఇన్‌స్పెక్టరు రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా, దగ్గులతో సహా చదివి, కళ్ళజోడు తీసి కిటికీలోంచి బయట నిండిన జనాన్ని చూశాడు. 

“ఇతనెవరు?”

“మావాడేనండీ!” అని నూట యాభై గొంతులు ఒక్కసారి పలికాయి. చెట్టు మీది కాకులు లేచిపోయాయి. 

“మొన్న ఎవరు?”

ఒక్క గొంతూ లేవలేదు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో గుమ్మంలోకి వచ్చాడు మేనమామ వెంకటరత్నం. రాత్రంతా వల్లెవేసుకున్న మాట నోట్లో సిద్ధంగా ఉంది. కుర్చీలో అధికారి కనపడగానే రెండు చేతులూ జోడించి అందుకున్నాడు. 

“హుజూర్! పదిహేనేండ్ల సంది ఈ పిలగాడు నా ఇంట్లనే పెరిగిండు. గట్టుపల్లి నీళ్ళే తాగిండు. ఒక్క దినం గూడ బయట నిద్రబోలే!”

“బామ్మర్దీ, ఆగు!” అన్నాడు చెన్నకేశవరావు. 

“నువ్వూకో బావా. వట్టి మాట గాదు హుజూర్, కాయితం గూడ ఉంది. నిన్ననే గిర్దావరు సాబు మా ఊరొచ్చి అందర్నీ అడిగి రాసిచ్చిండు.” గర్వంగా ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అది ఉర్దూలో ఉంది. వెంకటరత్నానికి ఉర్దూ వినడమే గానీ చదవడం రాదు. 

కచేరీ దఫేదారుకు వచ్చు. తాసీల్దారు సైగ చేస్తే కాగితం తీసుకుని పెద్దగా చదివాడు. “గట్టుపల్లిలో నలభై ఇళ్ళవారిని విచారించాం. ఈ మనిషి ఈ ఊరివాడు కాడని నలభై ఇళ్ళవారూ చెప్పారు. మామిడిపళ్ళ కాలంలో వచ్చి, తిని, పోతాడని చెప్పారు. ముల్కీ ఇవ్వడానికి వీల్లేదు.”

“అగో!” అన్నాడు వెంకటరత్నం. “అందరికీ చెప్పొచ్చిన గద నేను!”

కుటుంబరావు కళ్ళు మూసుకున్నాడు. అక్కడివాడు కాడని అక్కడివాళ్ళు, ఇక్కడివాడు కాడని ఇక్కడివాళ్ళు రాసిచ్చేశారు. కాలు మోపి నిలబడ్డ ఆ కచేరీ గచ్చు తప్ప అతనికి భూమ్మీద మరో చోటు మిగల్లేదు. 

తాసీల్దారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన భుజాలు కదిలాయి. మొదట దగ్గనుకున్నారు. నవ్వుతున్నాడని తర్వాత తెలిసింది. 

“ఇన్‌స్పెక్టరుగారూ, మీరు చాలా కష్టపడ్డారు గానీ, చూడాల్సింది చూళ్ళేదు. గట్టుపల్లి నలభై ఇళ్ళవాళ్ళను మేనమామ వెళ్ళి బతిమాలాడు. అయినా నిజమే చెప్పారు. ఎందుకని? ఇతను వాళ్ళకు చుట్టపుచూపు మనిషి. పరాయివాడి కోసం అబద్ధమాడాల్సిన అగత్యం వాళ్ళకేముంది? ఈ పాలెంలో అరవై గడపలు మీ మొహాన నిలబడి, మీరు అడిగినవాడూ అడగనివాడూ ఒక్క గొంతుతో అబద్ధమాడారు. కన్నతండ్రి అరిచి మొత్తుకున్నా మానలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చూశాను, ఊరు ఇంత కట్టుగా అబద్ధమాడేది సొంత బిడ్డ కోసమే. ఇంతకంటే స్థిరనివాసం ఏ రిజిస్టరులో ఉంటుందండీ?”

కలం తీసి రిపోర్టు కింద రెండు పంక్తులు రాసి, సంతకం చేసి, ఆర్డరు కుటుంబరావు చేతికిచ్చాడు. ఇచ్చాక చెయ్యి వదల్లేదు. 

“చూడబ్బాయ్, అవతల ఆ పదిహేనేళ్ళ రూలు ఎందుకుందో ఆలోచించావా? అక్కడా ఒకడు ఉంటాడు, పాతికేళ్ళు దగ్గరపడి, వారానికోసారి పోస్టాఫీసుకు నడుస్తూ. వాడి కుర్చీ అది.”

“తప్పేనండీ,” అన్నాడు కుటుంబరావు. ఆ మాట అంటుంటే మాఘమాసం నుంచీ గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయినట్టయింది. ఉద్యోగం వచ్చినందుకు ఎంత తేలికపడ్డాడో, అవతలి ఉద్యోగం రానందుకు అంతకు రెట్టింపు తేలికపడ్డాడు. 

బయట చెన్నకేశవరావు కొడుకును కావలించుకున్నాడు. “నా కొడుకేనండీ! నా కొడుకే!” అని దారినపోయేవాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళు ఇతన్ని వింతగా చూసి వెళ్ళారు. రాఘవమ్మ మెటికలు విరిచి, “నేనంత గట్టిగా ఏడవకపోతే నీకీ ఉద్యోగం వచ్చేదట్రా?” అంది. 

శుక్రవారం పదిన్నరకు కుటుంబరావు తన కుర్చీలో కూర్చున్నాడు. హెడ్ గుమాస్తా మొదటి కాగితం ముందుకు తోశాడు. ఎవరో కుర్రవాడి స్థిరనివాసం విచారణ. అతను పుట్టినప్పటి నుంచీ తమ ఊరివాడేనని గ్రామంలోని నలభై రెండు కుటుంబాలవారూ ఏకగ్రీవంగా చెప్పారని అందులో ఉంది. కుటుంబరావు దాన్ని రెండుసార్లు చదివి, కలం సిరాలో ముంచి, గుండ్రటి అక్షరాలతో తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటి వాక్యం రాశాడు. 

“ఊరంతా ఒకటే మాట చెబుతున్నందున మళ్ళీ విచారించవలెను.”